ఇటాలియన్ విభాగంలో కొత్త బహుమతి పెడుతున్నాం, దేనికివ్వాలి?

తార్నాక టీచర్:

అందరికీ నమస్తే. ఇక్కడ హైదరాబాద్‌లోనే ఒక విశ్వవిద్యాలయంలో సాయంత్రం పూట ఇటాలియన్ చెబుతాను, గెస్ట్ ఫ్యాకల్టీని. మా పాత విద్యార్థి ఒకతను ఇప్పుడు ఇటలీలోని టొరీనోలో ఉద్యోగం చేస్తున్నాడు. వాళ్లమ్మగారు జనగామ వైపు సర్కారు బడిలో తెలుగు పండిట్‌గా చేశారు, పోయినేడు కాలం చేశారు. ఆవిడ పేరు మీద మూడు లక్షలు ఇస్తాను, ఏటా మీ టాపర్‌కి గోల్డ్ మెడల్ ఇవ్వండి మేడమ్ అంటున్నాడు.

ఆఫీసులో కనుక్కున్నాను. అసలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, వడ్డీ మాత్రమే వాడాలి. ఏడు శాతం వేసుకుంటే ఏడాదికి 21 వేలు. ఇప్పటి ధరల్లో దాంతో వచ్చేది వెండి మీద బంగారు పూతే. అది పెద్ద సంగతి కాదు. మా క్లాసులో టాపర్ ఎవరవుతారో నాకు మొదటి నెలలోనే తెలిసిపోతుంది. అప్పటికే ఫ్రెంచో స్పానిషో చదివి వచ్చినవాళ్లు. క్రియారూపాలు, నామవాచకాలకి లింగభేదం, ఇవన్నీ వాళ్లకి చేతిలో పని. రోమ్ వెళ్లాల్సిన సికింద్రాబాద్ కాన్వెంట్ సిస్టర్లు, ఇటలీలో పొలిటెక్నికో అనే ఇంజినీరింగ్ యూనివర్సిటీలో ఎమ్మెస్‌కి అప్లై చేసుకునే బీటెక్ పిల్లలు, డ్యూటీ దిగి మెట్రో పట్టుకుని యూనిఫామ్‌తోనే వచ్చే నర్సు... వీళ్లంతా సున్నా నుంచి మొదలుపెట్టినవాళ్లు. మార్కులే కొలత అయితే వీళ్ల దాకా ఆ పతకం ఎప్పటికీ రాదు.

ఈ డబ్బు దేనికిస్తే ఆవిడ పేరుకి తగినట్టు ఉంటుంది? ఒప్పందం కాగితం ఈ నెలాఖరుకల్లా రాయాలి.

ఉప్పల్ టు బోస్టన్:

మేడమ్, నేను ఇక్కడ పీజీ చేసిన చోట ఇటాలియన్ విభాగం చాలా చిన్నది. అయినా బహుమతులు విడివిడిగా ఉండేవి. మొదటి ఏడాది పిల్లలకొకటి, ఇటాలియన్‌లో రాసిన వ్యాసానికొకటి, అనువాదానికొకటి. డబ్బు కొంచెమే, కొన్నిటికి పుస్తకాలే ఇచ్చేవారు. దేశం మొత్తానికి చూస్తే, ఇటలీ మహాకవి డాంటే పేరిట ఉన్న డాంటే సొసైటీ ఆఫ్ అమెరికా వాళ్లు డిగ్రీ విద్యార్థుల వ్యాసానికి 1887 నుంచి బహుమతి ఇస్తున్నారు. అక్కడా చూసేది డాంటే మీద ఏం రాశావన్నదే. టాపర్‌కి మెడల్ అనే పద్ధతి మన దగ్గరే ఎక్కువ.

నల్లకుంట మాస్టారు:

అమ్మా, విదేశీ భాషల బహుమతి కమిటీల్లో చాలాకాలం కూర్చున్నవాణ్ణి. టాపర్‌కి ఇవ్వకండి. టాపర్‌కి మార్కుల లిస్టు ఉంది, స్నాతకోత్సవంలో చప్పట్లూ ఉన్నాయి. తెలుగు పండితురాలి పేరు మీద పెట్టే బహుమతి తెలుగుకి ఏదో ఒకటి మిగిల్చాలి. ఇటాలియన్ నుంచి తెలుగు అనువాదానికి ఇవ్వండి. ఇటలీ సాహిత్యం మనకి ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగానే వచ్చింది. మూలం చదివి నేరుగా తెలుగు చేసేవాళ్లు మీ క్లాసులోంచి కాకపోతే ఇంకెక్కణ్ణుంచి వస్తారు?

అందరికీ ఒకటే కథ ఇవ్వండి. నెల గడువు. ఇంట్లో కూర్చుని, నిఘంటువులు ముందేసుకుని చేసుకోనివ్వండి. అనువాదంతో పాటు ఇంకో పేజీ అడగండి: ఎక్కడ ఆగిపోయారు, ఏ వాక్యాన్ని ఎందుకు అలా తిప్పారు. తర్వాత పిలిచి పది నిమిషాలు మాట్లాడండి. మెషీన్‌తో చేయించి తెచ్చినవాళ్లు అక్కడ నిలవలేరు.

కథ ఎంచుకునేటప్పుడు కాపీరైట్ చూసుకోండి, ఎందుకంటే గెలిచింది అచ్చు వేయాలి. రచయిత పోయాక మన చట్టంలో 60 ఏళ్లు, ఇటలీలో 70 ఏళ్లు. గ్రాజియా దెలెద్దాకి 1926 నోబెల్, పిరాండెల్లోకి 1934 నోబెల్. ఇద్దరూ 1936లోనే పోయారు కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇద్దరూ కథలు బోలెడు రాశారు, ఏళ్ల తరబడి సరిపోతాయి.

ఒక ఏడాది దెలెద్దా కథే ఇచ్చాం. ఇటలీలోని సార్దీనియా దీవి పల్లెలో ఒక ముసలమ్మ మాటలు ఒకమ్మాయి నల్లగొండ యాసలో పెట్టింది. "నా నోట్లె నాలుక లేదనుకున్నవా బిడ్డా" అని ఒక వాక్యం, ఇప్పటికీ గుర్తుంది. ఒక జడ్జి కొట్టేశారు, మూలంలో మాండలికం లేదు కదా అని. ఇంకో జడ్జి తెలుగు వారపత్రికలో పనిచేసిన ఆయన, ఇటాలియన్ అక్షరం ముక్క రాదు. మొత్తం కట్టలో మనిషి మాట్లాడినట్టున్నది ఇదొక్కటే అన్నారు. గంటసేపు వాదన నడిచింది. చివరికి ఆ అమ్మాయికే ఇచ్చాం, సరిగ్గానే ఇచ్చామని నేను గట్టిగా నమ్ముతాను. మీ ముగ్గురు జడ్జీల్లో అలాంటి తెలుగు ఎడిటర్ ఒకరు ఉండి తీరాలి. ఆయనకి మూలం చూపించొద్దు. కాగితాల మీద పేర్లు తీసేసి నంబర్లు వేయండి.

ఒప్పందంలో "ప్రతి ఏటా తప్పనిసరిగా" అని రాయకండి. తగింది రాని ఏడు ఆపి, ఆ వడ్డీ వచ్చే ఏటికి కలపొచ్చు అని రాయండి. కోర్సు పేరు కూడా పెట్టొద్దు. ఒక విశ్వవిద్యాలయంలో ఫలానా డిప్లొమా విద్యార్థికి అని రాసిన పతకం, ఆ డిప్లొమా పేరు మార్చిన ఏడే ఆగిపోయింది. డబ్బు బ్యాంకులో పెరుగుతూనే ఉంది, ఇవ్వడానికి మాత్రం ఎవరికీ అధికారం లేదు. ఇచ్చిన కుటుంబం ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. "ఇటాలియన్ నేర్చుకునే ఏ విద్యార్థికైనా" అంటే చాలు.

స్నాతకోత్సవం కోసం కాచుక్కూర్చోకండి, అది ఎప్పుడు జరుగుతుందో ఎవరూ చెప్పలేరు. అక్టోబర్‌లో ఇటాలియన్ భాషా వారోత్సవం 2001 నుంచి ప్రపంచమంతా జరుపుతున్నారు. మార్చి 25న డాంటే దినం, ఇటలీ ప్రభుత్వం 2020లో మొదలుపెట్టింది. రెంట్లో ఒకటి పట్టుకోండి.

బీ1 దాటిన బాలు:

సార్ చెప్పింది మంచిగున్నది. కానీ మేడమ్, మాలాంటోళ్ల సంగతి గూడ చూడాలె. నేను బీ1 దాక వచ్చిన, భాష నేర్చుకునే ఆరు మెట్లల్ల మూడోది. ఇటాలియన్ మీడియంల చదవాలంటే అక్కడి యూనివర్సిటీలు మామూలుగ బీ2 అడుగుతయి. దానికి సియెనా వాళ్ల చిల్స్ గానీ, పెరూజా వాళ్ల చెలీ గానీ, డాంటే అలిగియేరి సొసైటీ వాళ్ల ప్లీదా గానీ, ఏదో ఒక పరీక్ష రాయాలె. ఫీజు ఒకటి, సెంటర్ ఉన్న ఊరికి పోయొచ్చే ఖర్చు ఒకటి. నా దోస్తు అన్నీ చదివిండు, పైసలు లేక ఆ సెషన్ వదిలేసిండు. మెడల్ అల్మారల ఉంటది, సర్టిఫికెట్ అయితే అడ్మిషన్‌కు పనికొస్తది. ఆ అమ్మ సర్కారు బడి టీచర్ అంటున్నరు గదా, ఆమెకు ఇదే నచ్చేదేమో.

పద్యప్రియ:

నాదో చిన్న మాట. తెలుగు పండితమ్మగారి పేరంటే పద్యపఠనం కూడా ఉండాలండీ! డాంటే ఇన్ఫెర్నో మొదటి సర్గ 136 పాదాలు, ప్రాసలు గొలుసులా ఒకదాన్నొకటి అందుకుంటూ పోతాయి. భాగవతం పద్యాలు నోటికి పట్టిన పిల్లలు ఇట్టే పట్టేస్తారు. దీనికి పెద్ద ఖర్చు కూడా లేదు, ఒక పుస్తకం చేతిలో పెడితే చాలు.

తార్నాక టీచర్:

అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి డబ్బిస్తానన్న మా పాత విద్యార్థితో ఫోన్‌లో మాట్లాడాను. మెడల్ వద్దనడానికి మొదట మనసొప్పలేదు, ఫొటోలో అమ్మ పేరు కనిపించాలని అతని కోరిక. అచ్చయిన అనువాదం పైన ఆవిడ పేరు ఉంటుందని చెప్పాక సరేనన్నాడు. బాలు రాసింది చదివి వినిపిస్తే మాత్రం కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, అది కూడా పెట్టండి మేడమ్ అన్నాడు.

అనువాదానికి 14 వేలు, ఆ డబ్బులోనే అచ్చు ఖర్చు. మిగిలిన 7 వేలు, వేరే యూరప్ భాష ఏదీ రాకుండా చేరినవాళ్లలో ఒకరికి పరీక్ష ఫీజు కింద. మాస్టారూ, రెండు ముక్కలు చేస్తే పలుచనవుతుందని మీరంటారని తెలుసు. అయినా ఆ నర్సు నా కళ్లముందే ఉంది, వదల్లేను. పఠనం డాంటే దినం నాడు పెడతాం, పుస్తకం నేను కొంటాను.

"ఏ విద్యార్థికైనా" అనే మాట ఒప్పందంలో రాసేశాను. ఇప్పుడు కావలసింది తెలుగు జడ్జి. ఏటా ఫిబ్రవరిలో పది పదిహేను అనువాదాలు చదవాలి, పారితోషికం ఇవ్వలేం, రానూపోనూ ఆటో ఖర్చులు ఇస్తాం. పత్రికల్లో పనిచేసి రిటైరైనవాళ్లు మీకెవరైనా తెలిస్తే వాళ్లని అడిగి నాకు మెసేజ్ పెట్టండి. మాస్టారూ, మీ వారపత్రిక ఆయన ఒప్పుకుంటారా?