సంక్రాంతి కొలువులో పల్లెటూరు: చెట్లు నిలబడటం లేదు, ఏం చెయ్యాలి?

గుణుపురం కోడలు:

అందరికీ నమస్కారం. మాది గుణుపురం. ఒడిశాలోనే ఉన్నా మా వీధిలో సగం ఇళ్లలో తెలుగే. మా అత్తవారింట్లో సంక్రాంతి మూడు రోజులూ బొమ్మల కొలువు పెడతారు. మెట్ల సంగతి అత్తయ్య చూసుకుంటారు, మెట్ల కింద నేల మీద పల్లెటూరు పెట్టడం మాత్రం నా వంతు. పోయినేడు చేసింది చూస్తే నాకే నవ్వొచ్చింది. రంపపు పొట్టుకి ముగ్గులో వేసే పచ్చ రంగు కలిపి గడ్డిలా చల్లాను, ఎవరో కాస్త నీళ్లు చిలకరిస్తే తాజాగా కనిపిస్తుందన్నారని అదీ చేశాను, తెల్లారేసరికి రంగంతా దిగి కింద పరిచిన మామయ్యగారి పంచె పచ్చబడింది. కొమ్మలు విరిచి బంకమట్టిలో గుచ్చితే రెండో రోజుకి మట్టి ఎండి బీటలిచ్చి ఒక్కో చెట్టూ ఒరిగిపోయింది. బజారులో కొన్న ప్లాస్టిక్ చెట్లు ఆవుకంటే పొట్టివి, మేకకంటే పొడుగు. మా ఆడపడుచు చూసి "ఇది ఊరా వదినా, చేపల తొట్టా?" అంది.

ఈసారి మా ప్రాంతంలాగే చెయ్యాలని ఉంది. ఎర్రమట్టి, వెనకాల కొండ, ముందు వంశధార నది, పక్కనుంచి చిన్నబండి, అదే పాత నేరోగేజ్ రైలు. మా అత్తయ్య పెళ్లై ఈ ఊరు వచ్చింది ఆ చిన్నబండిలోనేనట, అందుకని అది తప్పనిసరిగా ఉండాలి. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు ప్లైవుడ్ చెక్క ఉంది. మనుషుల బొమ్మలు ఏటికొప్పాకవి, రెండున్నర అంగుళాలు. పద్దెనిమిది రోజులు టైముంది, పదిహేను వందల దాకా ఖర్చు పెట్టగలను. ఇంట్లో ఇద్దరు గుంటలు, ఒకడు ఏది కనిపిస్తే అది నోట్లో పెట్టుకునే వయసు. ముఖ్యంగా చెట్ల సంగతి చెప్పండి, ఆ టెన్షన్‌తో నిద్ర కూడా పట్టడం లేదు.


బరంపురం పిన్ని:

అమ్మా, పంచె పోయినందుకు నీ తప్పేం లేదు, ముగ్గు రంగు నీళ్లకి దిగిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో గోడ సున్నంలో కలిపే స్టెయినర్ చిన్న సీసాల్లో దొరుకుతుంది, ఆకుపచ్చ ఒకటి, పసుపు ఒకటి, నలుపు ఒకటి తెచ్చుకో. కాస్త ఫెవికాల్ నీళ్లలో స్టెయినర్ కలిపి పొట్టుని అందులో పిసికి, పేపరు మీద ఎండబెట్టు, ఆరాక రంగు పట్టుకునే ఉంటుంది. ఒక్క పచ్చ చాలదు. మూడు గిన్నెల్లో మూడు రకాలు చెయ్యి, ఒకటి పసుపు కలిసినది, ఒకటి ముదురుది, ఒకటి ఎండిపోయిన గడ్డిలాంటిది. మొదటి గిన్నెలోది ఒక్కటే చల్లితే అచ్చం చేపల తొట్టే.

నేలకి రంగు వెయ్యనే వద్దు. మీ దొడ్లో ఎర్రమట్టి తీసి టీ జల్లెడలో జల్లించి, పాత పెనం మీద వేయించు, లేకపోతే చీమలూ పురుగులూ కొలువులోకి వస్తాయి. చెక్క మీద ఫెవికాల్ పూసి మట్టి చల్లు. ఆ పైన సగం ఫెవికాల్ సగం నీళ్లు కలిపి, అందులో ఒక్క చుక్క షాంపూ వేసి, ఇంకు ఫిల్లరుతో చుక్కలు చుక్కలుగా వెయ్యి. షాంపూ వెయ్యకపోతే ఆ నీళ్లు దుమ్ము మీద ముత్యాల్లా దొర్లుతాయే గానీ లోపలికి ఇంకవు, మట్టి ఉండలు కట్టేస్తుంది. నేను రెండేళ్లు ఆ ఉండలతో ఏడ్చాను. ఆరేదాకా తెల్లగా కనిపిస్తుంది, కంగారు పడకు.

పొలాలకి అందరూ ఆవాలో మెంతులో మొలకెత్తిస్తారు. చలికాలం కదా, మొలకలు ఆలస్యం, పండక్కి ఎనిమిది రోజుల ముందు వెయ్యి. గదిలో చీకట్లో ఉంచితే పాలిపోయి పడుకుంటాయి, పగలంతా ఎండలో పెట్టాలి. చెక్క తడవకుండా వెడల్పాటి ప్లాస్టిక్ మూతల్లో వేసి, అంచుల్ని మట్టితో కప్పెయ్యి.


వైరు మాస్టారు:

రాయగడలో ముప్పై ఏళ్లు ఇళ్ల వైరింగ్ చేశాను, ఇప్పుడు మనవలకి బొమ్మలు చేస్తూ కూర్చుంటున్నాను. కొమ్మ విరిచి గుచ్చితే అది చెట్టు కాదమ్మా, కొమ్మే. చూసేవాళ్లకి తెలిసిపోతుంది.

ఇనుప చువ్వలకి కట్టే బైండింగ్ తీగ అరకిలో తెచ్చుకో. అడుగు పొడుగున ఇరవై ముక్కలు కత్తిరించి కట్టగా పట్టుకో. అడుగున అంగుళంన్నర వదిలేసి, అక్కణ్ణుంచి మూడంగుళాలు పట్టకారుతో మెలిపెట్టు, అది మాను. పైన మిగిలినదాన్ని నాలుగు పాయలు చెయ్యి, ఒక్కో పాయా రెండంగుళాలు మెలిపెట్టి మళ్లీ రెండుగా చీల్చు, చివరికి తీగ ఒంటరిగా మిగిలేదాకా అంతే. అడుగున వదిలిన అంగుళంన్నరని వేర్లలా బల్లపరుపుగా విడదీసి, చెక్క మీద చిన్న మేకులు కొట్టి బిగించు, పైన మట్టి కప్పితే నిజంగా వేర్లలాగే ఉంటాయి. ఇక అది ఒరగమన్నా ఒరగదు. ఫెవికాల్‌లో మెత్తటి పొట్టు కలిపి మానుకి రెండు పూతలు వెయ్యి. తీగ కొసలు గుచ్చుకుంటాయి, ఒక్కోటీ లోపలికి వంచెయ్యి, ఇంట్లో పిల్లలున్నారన్నావు.

మాను రంగు గోధుమ రంగు అనుకుంటారు అందరూ. ఒకసారి బయటికెళ్లి చింతమాను చూడు, బూడిద రంగు, దాని మీద నల్ల పగుళ్లు.

ఆకులకి ఎండిన నేతిబీరకాయ పీచు. గింజలు దులిపి, పీచుని వేళ్లతో లాగి లాగి పల్చగా సాలెగూడులా చెయ్యి, ముదురు పచ్చ పుయ్యి, ఆరాక కొమ్మలకి అతికించు. గిన్నెలు తోమే స్పాంజిని ముక్కలు చేసి నీళ్లతో మిక్సీలో తిప్పి, పిండి, రంగు కలిపి ఎండబెట్టి, ఆ పీచు మీద ఫెవికాల్ చిలకరించి చల్లు. మిక్సీ మాత్రం పాత జారుతో. నేను మా ఆవిడ చట్నీ జారులో తిప్పాను, ఆ గొడవ ఇంకా తెగలేదు. ఒక చెట్టుకి ఒక సాయంత్రం పడుతుంది, కాబట్టి మంచి చెట్లు అయిదే చెయ్యి, వెనకాల కొండ మీద చిన్న పొదలు ఉంటే చాలు.


గుణుపురం కోడలు:

మాస్టారూ, బాబాయిగారూ అనొచ్చా! మీరు చెప్పినట్టే ఇవాళ ఒకటి మెలిపెట్టాను, వేళ్లు ఎర్రబడ్డాయి గానీ అచ్చం ఆకు రాలిన చెట్టులా వచ్చింది. కొండ పొదలకి ఎండిన తులసి కొమ్మలు బావుంటాయని పక్కింటావిడ చెప్పారు, అత్తయ్య మాత్రం తులసిని నేల మీద పెట్టనివ్వనన్నారు. ఇంకో డౌటు, మనిషి రెండున్నర అంగుళాలైతే తాటిచెట్టు ఎంత ఎత్తుండాలి? చిన్నబండి పట్టాలు ఎంత వెడల్పు? మావాడి దగ్గర బ్యాటరీ రైలు ఉంది, దాని పట్టాలు దాదాపు మూడు సెంటీమీటర్లు.


పర్లాకిమిడి బండి:

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. మనిషి అయిదున్నర అడుగులు అంటే 66 అంగుళాలు, బొమ్మ రెండున్నర, అంటే ఇరవై ఆరో వంతు. మన చిన్నబండి గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, రెండున్నర అడుగులు, 762 మిల్లీమీటర్లు. ఇరవై ఆరుతో భాగిస్తే 29 మిల్లీమీటర్లు! మీవాడి బ్యాటరీ రైలు పట్టాలు కొలతకి సరిగ్గా సరిపోయాయి, దేవుడే పంపాడు అనుకోండి.

నౌపడా నుంచి మా పర్లాకిమిడికి ఆ లైను 1900లో వచ్చింది, మా రాజావారు వేయించినదే, 1931 నాటికి మీ గుణుపురం దాకా పొడిగించారు. 2004లో చిన్నబండి ఆపేశారు, ఏడేళ్ల తర్వాత పెద్దబండి (బ్రాడ్‌గేజ్ రైలు) మీ ఊరు చేరింది. మీ అత్తయ్యగారిని అడిగి స్టేషన్ దగ్గర ఏ చెట్టు ఉండేదో కనుక్కోండి, అదొక్కటి సరిగ్గా పెడితే చాలు. పట్టాల కింద కంకరకి ఇంటి పని దగ్గర మిగిలిన చిప్స్ పనికిరావు, ఆ కొలతకి అవి బండరాళ్లు. ముతక ఇసుక జల్లించి పైన మిగిలినది వాడండి.

తాటిచెట్టు యాభై అడుగులదైతే లెక్క ప్రకారం ఇరవై మూడు అంగుళాలు రావాలి. అంత పెట్టకండి, పై మెట్టు మీద దేవుడి బొమ్మలకి అడ్డొస్తుంది. ముందువైపు పద్నాలుగు, వెనక్కి పోయేకొద్దీ పది, ఏడు, అలా తగ్గిస్తే దూరంగా ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. ఇళ్లూ అంతే.


కొండచీపురు:

కొరాపుట్ జిల్లా జైపూర్ నుంచి. పిన్నిగారితో ఒక విషయంలో నేను ఒప్పుకోను. సంక్రాంతి నాటికి మన వైపు వరి కోసేస్తారు, కొయ్యకాళ్లు మిగులుతాయి. పండగ కొలువులో పచ్చటి వరిచేను ఎక్కణ్ణుంచి వస్తుందండీ? పాత కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ ఉంటే మడి ఆకారంలో కోసి అతికించండి, కోసేసిన చేను దానికంటే బాగా ఏదీ రాదు. మూలన గడ్డిమేటు, కళ్లంలో రెండు ఎడ్లు. ఆవ మొలకలు ఇంటి పెరట్లో కూరమడికి ఉంచండి, చాలు.

నదికి నీలం కాగితం వద్దు. జనవరిలో వంశధారలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కదా, ఇసుక పరిచి మధ్యలో సన్నటి పాయ ఒక్కటి చాలు. పాయ అడుగు ముందు మట్టిరంగూ పచ్చా కలిపి వెయ్యండి, దాని మీద ఫెవికాల్ పల్చగా, ఒక్కో పూతా పూర్తిగా ఆరాక ఇంకోటి, నాలుగైదు పూతలు. ఒక్కసారే మందంగా పోస్తే లోపల పాలలా తెల్లగా ఉండిపోతుంది, నాకు ఎనిమిది రోజులైనా ఆరలేదు.

కొండకి థర్మోకోల్ వాడితే స్ప్రే పెయింటు కొట్టకండి, కళ్లముందే కరిగి గుంటలు పడుతుంది. నాకైతే పాత పేపర్లు ఉండలు చుట్టి, పైన పాత చీరముక్కలు మైదా ఉడకలో (ఉడికించిన మైదా జిగురులో) ముంచి కప్పడమే ఇష్టం. ఉడకలో మైలుతుత్తం వేస్తే పురుగు పట్టదంటారు, కానీ అది విషం, మీ ఇంట్లో చిన్నవాడున్నాడు కాబట్టి అది వద్దు, ఫెవికాల్ నీళ్లతోనే చెయ్యండి. తులసి బదులు ఎండిన వెంపలి మొక్కలు తెచ్చి తలకిందులు చెయ్యండి, పొదలకి అంత సన్న కొమ్మలు ఇంకెక్కడా దొరకవు.

తాటికి గుండ్రటి పేపరు విసనకర్రలా మడిచి అంచులు కత్తిరిస్తే ఆకు. జీలుగు (తాటిలాగే కల్లు తీసే చెట్టు) కూడా ఒకటి పెట్టండి, మన కొండల్లో జీలుగు లేని ఊరేది. దాని ఆకుముక్క చేపతోకలా ఉంటుంది, కొసలు చిరిగినట్టు కత్తిరించాలి. మానుకి ఒక చిన్న కల్లుకుండ కట్టండి, సవర తెగవాళ్ల ఊరు చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు.


గుణుపురం కోడలు:

డోర్‌మ్యాట్ కోసేశాను, అత్తయ్యకి ఇంకా చెప్పలేదు. స్టేషన్ దగ్గర చెట్టు గురించి అడిగితే చాలాసేపు ఆలోచించి, అక్కడ పెద్ద పనసచెట్టు ఉండేదని, బండి దిగగానే దాని కిందే పెళ్లివాళ్లని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారని చెప్పారు. పనసకాయ సన్న కొమ్మకి కాదు, ఎక్కువగా మానుకే కాస్తుంది కదా, మిరియాలు అతికిస్తే సరిపోతాయా, చిన్నవైపోతాయా?


వైరు మాస్టారు:

మిరియాలు చిన్నవి. నీ కొలతకి కాయ ముప్పావు అంగుళం ఉండాలి. వేరుశనగకాయ తెచ్చి, పొట్టు వొలవకుండా, పచ్చ రంగు వేసి చూడు, పైన గరుకు దానికే ఉంది. మానుకి కింది భాగంలో మూడు, అంతకంటే వద్దు. చిన్నోడు పీక్కుని తినకుండా గట్టిగా అతికించు.