ఎమ్మెస్సీకి ఏయూనా, హెచ్‌సీయూనా? ఇంటి నుంచి తిరగడమా, హాస్టలా?

ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి రెండుచోట్లా సీటు వచ్చేలా ఉంది. పీజీసెట్‌తో ఆంధ్రా యూనివర్సిటీ, సీయూఈటీ పీజీతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ. పేరు గురించి కాదు సందేహం, 1926 నాటి ఏయూ నా దృష్టిలో తక్కువేం కాదు.

ఏయూ అయితే వైజాగ్‌లోనే, మా ఇల్లున్న గాజువాక నుంచి రోజూ బస్సు. కాలేజీ టైముకి ఒకసారి వెళ్లి చూశాను. ఎన్‌ఏడీ జంక్షన్ దాటి మద్దిలపాలెంలో దిగేసరికి గంట పైనే పట్టింది, అదీ నిలబడి. కాకపోతే సాయంత్రాలు ఇంటర్ పిల్లలకి చెప్పే ట్యూషన్ నిలుస్తుంది, నెలకి ఆరు వేలు. హెచ్‌సీయూలో హాస్టల్, లైబ్రరీ, ల్యాబ్ అన్నీ గచ్చిబౌలి క్యాంపస్ లోపలే, సైకిలుంటే చాలు. ట్యూషన్ పోతుంది. ఇంటికి రావాలంటే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి రాత్రంతా ప్రయాణం.

సీనియర్లని అడిగితే ఎవరి యూనివర్సిటీ వాళ్లకి గొప్ప. మెస్ బిల్లు, బస్ పాస్ అన్నీ కాగితం మీద వేసినా తేలలేదు. డబ్బు కన్నా టైమే నా సమస్య, ఎందుకంటే రెండో ఏడాదిలో సీఎస్ఐఆర్ నెట్ (రీసెర్చ్ ఫెలోషిప్‌కి, లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) రాయాలి.

సైన్స్ పీజీ చేసినవాళ్లు చెప్పండి: మీరు హాస్టల్లో ఉన్నారా, ఇంటి నుంచి తిరిగారా, ల్యాబ్ అయ్యాక సొంతంగా చదువుకోవడానికి రోజుకి నిజంగా ఎన్ని గంటలు మిగిలాయి?