పిల్లల గుండె ఆపరేషన్ తర్వాత బిడ్డ దక్కనప్పుడు మీ దగ్గర ఏం చేస్తారు?

ఐసీయూ_సిస్టర్ (హైదరాబాద్)

పదకొండేళ్లుగా పిల్లల గుండె ఐసీయూలో పని చేస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయను. ఆ మధ్య ఒక బాబు పోయాడు, పద్నాలుగు నెలలవాడు. టెట్రాలజీ అనే పుట్టుకతో వచ్చే గుండె జబ్బుకు ఆపరేషన్. ఆపరేషన్ బాగానే జరిగింది. రాత్రి తొమ్మిది దాకా ఛాతీ డ్రెయిన్‌లో (లోపలి రక్తాన్ని బయటికి తెచ్చే గొట్టం) గంటకు 30 మిల్లీలీటర్ల దాకా రక్తం వచ్చింది. పదింటికి 5. పదకొండింటికి ఏమీ లేదు. డ్యూటీలో ఉన్న అమ్మాయి చార్టులో ‘బ్లీడింగ్ ఆగింది’ అని రాసింది. అందరం హమ్మయ్య అనుకున్నాం.

బ్లీడింగ్ ఆగలేదు. గొట్టంలో గడ్డ కట్టి దారి మూసుకుపోయింది. లోపల చేరిన రక్తం గుండెను నొక్కేస్తోంది. సీవీపీ (గుండెకు చేరే పెద్ద సిరలోని ఒత్తిడి) 9 నుంచి 16కు పెరిగింది, బీపీ దిగుతోంది, మూత్రం తగ్గింది. ఈ అంకెలన్నీ చార్టులో ఉన్నాయి, కానీ వేర్వేరు పేజీల్లో. ఎవరం కలిపి చూడలేదు. ఛాతీ మళ్లీ తెరిచేసరికి చేయి దాటిపోయింది.

మర్నాడు మీటింగ్‌లో మొదటి మాట ‘రాత్రి డ్యూటీ ఎవరిది?’ అని. ఆ అమ్మాయి రెండు వారాల్లో ఉద్యోగం మానేసింది. తర్వాత కొత్తగా వచ్చిన మేడమ్ ఆ కేసును మళ్లీ తీయించారు. ఈసారి అడిగింది వేరు: ఆ గంటలో ఆమెకు ఏం కనిపించింది, ఏం కనిపించలేదు? ఆ ఒక్క ప్రశ్నతో మా చార్టు మారింది. ఇప్పుడు డ్రెయిన్, సీవీపీ, బీపీ, మూత్రం ఒకే వరుసలో ఉంటాయి. డ్రెయిన్ పెరిగితే సర్జన్‌కు ఎలా ఫోన్ చేస్తామో, ఒక్కసారిగా పడిపోయినా అలాగే చేయాలి. ఆ అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు.

మీ దగ్గర ఇలాంటి మీటింగులు ఎలా జరుగుతాయి?

మత్తు_డాక్టర్ (ఇంగ్లండ్)

సిస్టర్ గారూ, ఆ అమ్మాయి సంగతి చదివి మనసు చివుక్కుమంది. నేను గుంటూరులో చదివి ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లయింది. చేరిన కొత్తలో మా సీనియర్ మొదట చెప్పింది బ్రిస్టల్ గురించే.

ఇక్కడి బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీ అనే ఆసుపత్రిలో 1988లో స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టర్ చేరారు. పసిపిల్లల గుండె ఆపరేషన్లు మరీ ఎక్కువసేపు సాగుతున్నాయని, పోతున్నవాళ్లు ఎక్కువగా ఉన్నారని గమనించి లెక్కలు రాసుకున్నారు. పైవాళ్లకు చెప్పారు. అయినా ఆపరేషన్లు 1995 దాకా నడిచాయి. 1998లో ఇక్కడి డాక్టర్లను నియంత్రించే జనరల్ మెడికల్ కౌన్సిల్ ఒక సర్జన్‌ను, ఆసుపత్రి చీఫ్ ఎగ్జిక్యూటివ్‌ను డాక్టర్ల రిజిస్టర్ నుంచి తీసేసింది. ఇయాన్ కెనెడీ అధ్యక్షతన జరిగిన విచారణ 2001లో నివేదిక ఇచ్చింది. 1991 నుంచి 1995 వరకు, మామూలు యూనిట్‌లో అయితే బతికి ఉండాల్సిన ఏడాదిలోపు పిల్లలు 30 నుంచి 35 మంది అక్కడ పోయారని తేల్చింది. 198 సిఫార్సులు చేసింది.

నన్ను ఇప్పటికీ వదలని విషయం ఒకటుంది. అక్కడ ఆపరేషన్ ఒక ఆసుపత్రిలో, పిల్లల గుండె డాక్టర్లు ఉండేది ఇంకో ఆసుపత్రిలో. బిడ్డ పరిస్థితిని అందరూ ఒకచోట నిలబడి చూసే ఏర్పాటే లేదు. మీ చార్టులో వేర్వేరు పేజీల్లాగే. ఇక లెక్కలు తీసిన బోల్సిన్ చివరికి ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. నోరు విప్పినవాళ్లే వెళ్లిపోవాల్సి రావడం అక్కడా ఇక్కడా ఒకటే.

నెమ్ము_పాప_అమ్మ (ప్రకాశం జిల్లా)

నేను డాక్టర్‌ను కాదు, ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు. మా పాపకు గుండెలో రంధ్రం. పాలు తాగుతుంటే నుదురంతా చెమట. మూడుసార్లు నెమ్ము చేసింది. ఎనిమిదో నెలలో 4 కిలోల 200 గ్రాములుంది. అప్పటికి గానీ గుండె పరీక్ష రాయలేదు. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. రంధ్రం మూశారు, పంతొమ్మిదో రోజున ఇన్‌ఫెక్షన్‌తో పోయింది.

ఏమైందని అడిగితే ‘రిస్క్ ఉందని ముందే సంతకం పెట్టారుగా అమ్మా’ అన్నారు. పెట్టాను. నేను అడిగింది డబ్బు కాదు, గొడవకూ పోలేదు. పన్నెండో రోజు దాకా నా వేలు పట్టుకున్న పిల్లకు ఆ తర్వాత ఏమైందో ఎవరైనా కూర్చుని చెబుతారేమో అనుకున్నాను. మూడేళ్లు కావస్తోంది.

జిల్లా_పిల్లల_డాక్టర్

అమ్మా, మీరు తప్పకుండా రాయాలి. మీ పోస్టులో మొదటి తప్పు మాలాంటి వాళ్లది. పాలు తాగేటప్పుడు చెమట, పెరగని బరువు, మళ్లీ మళ్లీ నెమ్ము, ఈ మూడూ కలిసి కనిపిస్తే గుండె చూడాలి. మేము నెమ్ముకు మందిచ్చి పంపేస్తాం.

నా అనుభవం చెబుతాను. మూడో రోజు బిడ్డ, ఒళ్లు నీలంగా ఉంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళాలు రెండూ తారుమారు. పుట్టాక మూసుకుపోయే నాళాన్ని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ పెట్టి అంబులెన్స్ ఎక్కించాం. ఆ మందుకు ఊపిరి ఆగే ప్రమాదం ఉందని తెలుసు, అయినా దారిలో ఊపిరి అందించడం వచ్చినవాళ్లను తోడు పంపలేదు. చేరేసరికి బిడ్డ ఒళ్లు చల్లబడిపోయిందట. దక్కలేదు. ఈ సంగతి నాకు నలభై రోజుల తర్వాత, అదీ బిడ్డ తాతగారు చెబితే తెలిసింది. పెద్దాసుపత్రి నుంచి ఒక్క ఫోన్ వచ్చి ఉంటే ఆ మధ్యలో పంపిన ఇంకో బిడ్డ విషయంలో జాగ్రత్తపడేవాణ్ని.

ఇప్పుడు మా వార్డులో పుట్టిన ప్రతి బిడ్డకూ 24 గంటలు దాటాక కుడిచేతికి, ఒక కాలికి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) చూస్తున్నాం. రెండు చోట్లా 95 కన్నా తక్కువున్నా, చేతికీ కాలికీ తేడా 3 దాటినా మళ్లీ చూస్తాం, అయినా అలాగే ఉంటే ఎకో, అంటే గుండె స్కానింగ్. 90 కన్నా తక్కువైతే మళ్లీ చూడటానికి ఆగేది లేదు. నాళాలు తారుమారైన బిడ్డకు మొదటి రెండు మూడు వారాల్లో ఆపరేషన్ కావాలి. ఆలస్యమైతే, ఆపరేషన్ తర్వాత ఒళ్లంతటికీ రక్తం పంపాల్సిన ఎడమ జఠరిక బలం తగ్గిపోతుంది.

సర్జన్_చెన్నై

మాది నెల్లూరు. ఒక మాట నచ్చకపోయినా చెప్పాలి. ఎవరి చేతిలో ఎంతమంది పోయారో లెక్కలు బయటపెట్టమంటే చాలామంది సర్జన్లు కష్టమైన కేసులు తీసుకోవడం మానేస్తారు. 2 కిలోల బిడ్డను, ఇన్‌ఫెక్షన్‌తో వచ్చిన బిడ్డను ‘బెడ్ లేదు’ అని పంపేస్తారు. ఇది నా కళ్లతో చూశాను.

మత్తు_డాక్టర్ (ఇంగ్లండ్)

సార్, మీ భయం నిజమే. అందుకే ఇక్కడ ఊరికే చావులు లెక్కపెట్టరు. బిడ్డ బరువు, వయసు, జబ్బు, ఆపరేషన్ కష్టం కలిపి ఎంతమంది బతకాలో అంచనా కట్టి, దానితో పోలుస్తారు. ఇక్కడ ఆపరేషన్ తర్వాత 30 రోజులు బతికి ఉండేవాళ్లు 97 శాతానికి పైనే.

లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో సర్జన్‌గా పనిచేసిన మార్క్ డి లెవాల్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. నాళాలు మార్చే ఆపరేషన్ తాను చేసిన 104 మంది పసికందుల ఫలితాలు వరుసగా గీసి చూసుకున్నారు. మధ్యలో ఒకచోట పిల్లలు వెంటవెంటనే పోయారు. ఇంకో సర్జన్ దగ్గరికి వెళ్లి మళ్లీ నేర్చుకుని వచ్చారు. 1994లో అదంతా తన పేరుతోనే అచ్చు వేయించారు. చావుతో పాటు తృటిలో తప్పినవాటినీ లెక్కలోకి తేవాలన్నారు. తర్వాత ఆయన బృందం 16 ఆసుపత్రుల్లో 243 ఆపరేషన్లను పరిశీలించింది. పెద్ద పొరపాటు జరిగినా జట్టు గుర్తించి సరిదిద్దుకుంటే ప్రమాదం తగ్గింది. ఎవరూ పట్టించుకోని చిన్నచిన్నవి పోగుపడినప్పుడూ ప్రాణం మీదికి వచ్చింది.

ఆపరేషన్ థియేటర్ నుంచి ఐసీయూకు బిడ్డను అప్పగించడం మీద కూడా అదే ఆసుపత్రివాళ్లు పనిచేశారు. ఫెరారీ రేసు కార్ల జట్టును చూసి, ఎవరు ఏ తీగ పట్టుకోవాలి, ఎవరు మాట్లాడాలి అన్నది ముందే పంచుకున్నారు. ఒక్కో అప్పగింతలో సగటున 5.42 పొరపాట్లు ఉండేవి 3.15కు తగ్గాయి.

సర్జన్_చెన్నై

డి లెవాల్ పేపర్ చదివాను. ఆయన చేసిన పని నేను చేయలేదు. పోయిన ఏడాది నా చేతిలో పోయిన పిల్లల ఫైళ్లు ఈ ఆదివారం వరుసగా పెట్టి చూస్తాను.

ఐసీయూ_సిస్టర్ (హైదరాబాద్)

పాప వాళ్ల అమ్మగారూ, ఫైలు అడగండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం మీరు రాసి అడిగితే 72 గంటల్లో కాపీలు ఇవ్వాలి. వాళ్లు ఫైలు భద్రంగా ఉంచాల్సింది చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లే, అందుకే ఆలస్యం చేయకండి. సెంట్రల్ లైన్ (మెడ దగ్గర పెద్ద సిరలోకి వేసే గొట్టం) ఏ రోజు వేశారు, ఎన్నాళ్లు ఉంచారు, వెంటిలేటర్ ఎన్ని రోజులు, కల్చర్‌లో (ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష) ఏం వచ్చింది, ఇవి అందులో ఉంటాయి. అర్థం కాకపోతే నాకు పంపండి అక్కా, ఇద్దరం ఫోన్‌లో కూర్చుని చదువుదాం.

ఇంకొకటి. మా మేడమ్‌కు ఈ చర్చ చూపించాను. వచ్చే నెల మీటింగ్‌లో ఇన్‌ఫెక్షన్ల మీద మాట్లాడుకుంటున్నాం. వేరే ఆసుపత్రి బిడ్డైనా సరే, ఒక తల్లి ఏం అడుగుతుందో మొదట చదివి మొదలుపెడదాం అన్నారు. మీకు ఇష్టమైతే రాయండి.

నెమ్ము_పాప_అమ్మ (ప్రకాశం జిల్లా)

రేపే అర్జీ పెడతాను చెల్లీ. ప్రశ్నలు రాస్తున్నాను.

పన్నెండో రోజు రాత్రి జ్వరం వచ్చిందని నేనే చెప్పాను. డాక్టర్ గారు ఎన్నింటికి వచ్చారు?

మెడ దగ్గర ఉన్న గొట్టం ఇంకా అవసరమా అని రోజూ ఎవరైనా చూసేవారా?

పక్క మంచం బాబుకూ అదే వారం జ్వరం వచ్చింది. వాడు ఇంటికి వెళ్లాడా?