రిసెప్టర్లు ఎక్కువుంటే చాలా? జీన్ రిపోర్టు రాకముందే గెఫిటినిబ్ వెయ్యొచ్చా?

కావలి_కుర్రోడు:
మా మేనమామకి ఊపిరితిత్తుల కాన్సర్, అడినోకార్సినోమా. బీడీ ముట్టిన మనిషి కాదు. కణాల మీద ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్ (పెరగమనే సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) ఎక్కువుందని ఒక పరీక్షలో తేలింది, దాని జీన్‌లో మార్పుందో లేదో చెప్పే రిపోర్టు ఇంకా రాలేదు. రిసెప్టర్ అంత ఉన్నప్పుడు దాన్ని ఆపే గెఫిటినిబ్ మాత్ర పనిచెయ్యాలి గదా? ఇంకా ఆగడం ఎందుకు?

దర్గామిట్ట_బయోకెమ్:
ఆగు తమ్ముడూ. మామూలు ఈజీఎఫ్ఆర్, గ్రోత్ ఫ్యాక్టర్ (కణాన్ని పెరగమనే ప్రోటీన్) వచ్చి అతుక్కునేదాకా ముడుచుకునే ఉంటుంది. అతుక్కున్నాక విచ్చుకుని ఇంకోదానితో జతకడుతుంది. కణం లోపల ఒకదాని కైనేజ్ (సంకేతం పుట్టించే ఎంజైమ్) భాగం రెండోదాన్ని ఒత్తి లేపుతుంది, అక్కణ్ణుంచి రాస్ అనే ప్రోటీన్ దారిలో విభజన సంకేతం పోతుంది. జీన్‌లో మార్పు (మ్యుటేషన్) వల్ల ఈ రిసెప్టర్ 858వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఆర్జినిన్ వచ్చిందనుకో, కైనేజ్‌ని అణిచి ఉంచే మడత నిలవదు. గ్రోత్ ఫ్యాక్టర్ లేకపోయినా సంకేతం ఆగదు. గమ్మత్తేందంటే, గెఫిటినిబ్ గట్టిగా అతుక్కునేదీ ఆ మారిన ఆకారానికే. 2009 నాటి ఐపాస్ అనే మందుల ట్రయల్లో ఇట్టాంటి మ్యుటేషన్ ఉన్నవాళ్లకి ఈ మాత్ర కీమోని మించింది. అది లేనివాళ్లలో మాత్ర వేసుకున్నవాళ్లకి కీమో వాళ్లకంటే తొందరగా జబ్బు ముదిరింది.

ఒంగోలు_ఫార్మసీ_అక్క:
సార్, మరీ అంత ఖరాఖండిగా చెప్పకండి. రొమ్ము కాన్సర్లో ఈజీఎఫ్ఆర్ లాంటి రిసెప్టరే హెర్2, అది ఎంతుందో చూసే గదా మందు ఇచ్చేది? దాని మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ 1998 నుంచీ అట్టానే నడుస్తోంది. పైగా ఆయాసపడే మనిషిని రిపోర్టు వచ్చేదాకా కూర్చోబెట్టమనడం ల్యాబులో ఉన్నవాళ్లకి తేలికే.

దర్గామిట్ట_బయోకెమ్:
చురక తగిలిందిలే అమ్మా. కానీ హెర్2 మీ వైపు సాక్ష్యం కాదు. దానికంటూ గ్రోత్ ఫ్యాక్టర్ ఏదీ దొరకలేదు, అది ఎప్పుడూ విచ్చుకునే, జతకి సిద్ధంగానే ఉంటుంది. 2003లో దాని బయటి భాగం నిర్మాణం తేలినప్పుడు కనబడింది ఇదే. అట్టాంటివి కణం మీద కిక్కిరిస్తే వాటంతట అవే జతకడతాయి. అక్కడ సంఖ్యకి బలం వచ్చిందే ఆకారం వల్ల.

ఒంగోలు_ఫార్మసీ_అక్క:
ఆకారం మాట ఒప్పుకుంటా, ఊరికే ఆగమనడం ఒప్పుకోను. కావలి తమ్ముడూ, మామయ్యకి ఆయాసం ఎక్కువైతే రిపోర్టు రాకముందే కీమో మొదలుపెట్టే వీలుంటుంది, ఆంకాలజిస్టుని అడుగు. మాత్ర మాత్రం సొంతంగా కొని వెయ్యొద్దు. సార్ చెప్పనిది ఇంకోటుంది. గెఫిటినిబ్ పనిచేసినవాళ్లలోనూ కొన్నాళ్లకి దాదాపు సగంమందిలో 790వ స్థానంలో థ్రియోనిన్ పోయి మెథియోనిన్ వస్తుంది, మాత్ర పట్టు జారుతుంది. అప్పుడు ఆ మార్పున్నా పనిచేసే ఓసిమెర్టినిబ్ మాత్రకి పోవాలి. ఇప్పుడు చాలాచోట్ల మొదటే అది రాస్తున్నారు. ధర మాత్రం ముందే కనుక్కోండి.