బారెన్ ద్వీపంలో మేకలు ఎలా బతుకుతున్నాయి?

అలలహోరు (ప్రశ్న):
అండమాన్ దగ్గరి అగ్నిపర్వత ద్వీపం బారెన్ గురించి మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టు కోసం చదువుతుంటే రెండు సందేహాలు వచ్చాయి. అక్కడ మనుషులెవరూ ఉండరు కానీ మేకలున్నాయట. లావా పారే చోట, చుట్టూ ఉప్పునీళ్ళే ఉన్న చోట అవి ఏం తాగి బతుకుతున్నాయి? ఇంకోటి, 2005లో అది పేలడానికి 2004 డిసెంబరు భూకంపమే కారణమా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తూర్పుగాలి:
నేను చాలాకాలం సరుకు ఓడల్లో డెక్ ఆఫీసరుగా పనిచేశానండి. ఆ ద్వీపం దగ్గర్లోంచి వెళ్తున్నామంటే, డ్యూటీ లేకపోయినా బ్రిడ్జి (ఓడని నడిపే గది) మీదికి వచ్చేసేవాణ్ణి. అంత ఇష్టం నాకు ఆ చోటంటే. కొంచెం పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీ మొదటి ప్రశ్నకి జవాబు ద్వీపం ఆకారంలోనే ఉంది. తూర్పు నుంచి వస్తుంటే నిటారుగా లేచిన పచ్చటి కొండ, దాని వెనక ఎప్పుడైనా కాస్త పొగ, అంతే కనబడుతుంది. దక్షిణపు కొన చుట్టి పడమటి వైపుకి వచ్చాక గానీ లోపలేముందో తెలియదు. మధ్యలో నల్లటి బూడిద శిఖరం, దాని కాళ్ళ దగ్గర్నుంచి సముద్రం దాకా గడ్డకట్టిన లావా, ఒక్క మొక్క లేదు. చూస్తున్నది అదే ద్వీపమా అనిపిస్తుంది.

ఎప్పుడో పాత అగ్నిపర్వతం కూలిపోయి, సుమారు 2 కిలోమీటర్ల వెడల్పున్న గుంట, దాని చుట్టూ గోడ మిగిలాయి. ఆ గోడ పడమటి వైపు తెగిపోయి ఉంది, గుర్రపు లాడంలాగా. ఇప్పుడు పేలే శిఖరం లోపల మధ్యలో పుట్టింది. అందుకని లావా ఆ తెగిన దారినే సముద్రంలోకి పోతుంది. గోడకి అవతల, తూర్పు దక్షిణాల వాలు మీద బూడిద పడుతుందేమో గానీ లావా రాదు. అక్కడే అడవి ఉంది. వాన కూడా బాగా పడే ప్రాంతం. ఆ నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి దిగి ఆగ్నేయ తీరం దగ్గర మంచినీటి ఊటలుగా బయటికొస్తాయి. ఒకప్పుడు ఓడలవాళ్ళు వదిలిపెట్టిన మేకల సంతతి ఆ నీళ్ళు తాగే బతుకుతోంది. బైనాక్యులర్స్‌తో ఎంత వెతికినా నాకు మాత్రం ఒక్క మేక కూడా కనబడలేదు!

చరిత్రలో నన్ను బాగా కదిలించేది దాని మౌనం. 1787లో పేలినట్టు నమోదైంది. పోర్ట్ బ్లెయిర్‌కి (2024 నుంచి శ్రీ విజయపురం) అప్పట్లో ఎవరి పేరు పెట్టారో ఆ ఆర్చిబాల్డ్ బ్లెయిర్ 1789లో వెళ్ళి చూసినప్పుడు కూడా మండుతూనే ఉంది. 19వ శతాబ్దం మొదట్లో చల్లారింది. తర్వాత వెళ్ళినవాళ్ళకి ఒడ్డున వేడినీటి ఊట ఒకటి కనిపించేది, దశాబ్దాలు గడిచేకొద్దీ అదీ చల్లబడుతూ వచ్చింది. 1885లో ఎఫ్.ఆర్. మాలెట్ జియలాజికల్ సర్వే తరఫున ఈ ద్వీపం మీదా, దీనికి ఉత్తరాన ఉన్న మరో అగ్నిపర్వత ద్వీపం నార్కొండం మీదా వివరంగా రాశాడు. తరాలు మారిపోయాయి. ఇక దాని పని అయిపోయిందనుకున్న సమయంలో 1991లో మళ్ళీ పేలి, నెలల తరబడి లావా కక్కింది. మళ్ళీ 1994-95లో, ఆ తర్వాత 2005 మే నుంచి విడతలు విడతలుగా.

రాతిపొర:
తూర్పుగాలి గారు బాగా చెప్పారు. నేను భూగర్భశాస్త్రం పాఠాలు చెబుతుంటాను కాబట్టి రెండో ప్రశ్న నేను తీసుకుంటాను. భూమి పైపొరలోని పెద్ద పలకల్లో ఒకటైన ఇండియన్ ప్లేట్ అక్కడ బర్మా ప్లేట్ అనే మరో పలక కిందికి దూరుతోంది. లోతుకి వెళ్ళాక దాన్నుంచి బయటపడే నీరు పైనున్న వేడి రాతిని కరిగిస్తుంది. సుమత్రా అగ్నిపర్వతాలు, బారెన్, నార్కొండం అన్నీ ఆ వరుసలోవే. భూకంపం తర్వాత ఐదు నెలలకే పేలింది కాబట్టి రెండింటినీ ముడిపెడతారు. కానీ అంతకు ముందే 1991లో, 1994లో పేలింది కదా. అప్పటికే మేలుకున్న పర్వతం అది. భూకంపం ఒక తోపు తోసి ఉండొచ్చు గానీ, అదే కారణం అనడం సరికాదు.

ప్రాజెక్టులో ఇది కూడా రాయించండి: పైకి కనిపించేది సుమారు 350 మీటర్లే, నీళ్ళ కింద మరో 2 వేల మీటర్లకు పైగా పర్వతం ఉంది.

అలలహోరు:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. మేము వెళ్ళి చూడొచ్చా?

తూర్పుగాలి:
అది అభయారణ్యం. అటవీశాఖ అనుమతి లేకుండా దిగనివ్వరు, మామూలుగా ఓడలోంచి చూసి రావడమే. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఈశాన్యంగా 135 కిలోమీటర్లకు పైనే, కాబట్టి సముద్రం నెమ్మదిగా ఉండే నెలల్లో పెట్టుకోండి. పొద్దు కుంకేవేళకి పడమటి వైపు ఉండే ఓడ అయితే మేలు. 2017 జనవరిలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళకి పగలంతా బూడిద మేఘాలే కనిపించాయి. చీకటి పడ్డాకే బిలంలోంచి ఎర్రగా చిమ్ముతున్న లావా తెలిసింది.