కొర్రలు, జొన్నరొట్టెకి మారినా 74 కిలోల దగ్గరే ఆగిపోయాను

నా వయసు 38, ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. రెండున్నర నెలల క్రితం బిస్కెట్లు, మిక్చర్, ప్యాకెట్ నూడుల్స్, టీలో చక్కెర పూర్తిగా మానేశాను. మొదటి నెలలో 77 నుంచి 74 కిలోలకు వచ్చాను. ఆ తర్వాత ఆరు వారాలుగా ముల్లు కదలడం లేదు. నడుము కొలత కూడా అంతే.

పొద్దున రెండు పెసరట్లు, మధ్యాహ్నం కప్పున్నర కొర్రన్నం, పప్పు, కూర, పెరుగు. రాత్రి రెండు జొన్నరొట్టెలు, ఆకుకూర. రోజూ 45 నిమిషాలు నడుస్తాను. మూడు వారాలు రాత్రి ఒక్క రొట్టెతో సరిపెట్టుకుని చూశాను. ఆకలికి నిద్ర పట్టలేదు, బరువూ తగ్గలేదు. థైరాయిడ్ పరీక్ష నార్మల్‌గానే వచ్చింది.

ఇప్పుడు నా అనుమానమంతా సాయంత్రం తినే వేయించిన పల్లీల మీదే. గుప్పెడే కదా అనుకునేదాన్ని. నిన్న తూచి చూస్తే 60 గ్రాములు, అంటే దాదాపు 340 క్యాలరీలు! పైగా కూరల్లో నువ్వుల పొడి, రొట్టె మీద నెయ్యి. ఇంటి తిండే కదా అని వీటిని ఎప్పుడూ కొలవలేదు. అన్నీ ఒకేసారి తగ్గిస్తే దేనివల్ల తేడా వచ్చిందో తెలియదు.

ఇలాగే ఆగిపోయి మళ్లీ తగ్గినవాళ్లు దయచేసి చెప్పండి: ముందు పల్లీలు, నెయ్యి తగ్గించాలా, కొర్రన్నం తగ్గించాలా?