కణాలు లేని వెల్స్‌లోనూ ఊదా రంగు వస్తుంటే ఎంటీటీని నమ్మొచ్చా?

నేలవేము ఆకుల ఇథనాల్ సారం హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌ను అడ్డుకుంటుందా అని వీరో కణాల (ల్యాబ్‌లో పెంచే కోతి కిడ్నీ కణాలు) మీద పరీక్షిస్తున్నాను. సారం కణాలకే ఎంత విషమో ముందు ఎంటీటీతో (బతికున్న కణాలు ఊదాగా మార్చే పసుపు రంగు) కొలుస్తుంటే, అసలు కణాలే లేని వెల్స్‌లో (ప్లేటు గుంటల్లో) కూడా, సారం చిక్కగా ఉన్న చోట ఊదా రంగు వస్తోంది. సారంలోని పాలీఫినాల్స్ (ఒక రకం మొక్కల రసాయనాలు) ఎంటీటీని నేరుగా ఫార్మజాన్‌గా, అంటే ఆ ఊదా పదార్థంగా, మార్చగలవు కదా, అలాగైతే చచ్చిన కణాలు కూడా బతికున్నట్టే కనిపిస్తాయి. సీసీ50 (సగం కణాలను చంపే మోతాదు) తప్పితే సెలెక్టివిటీ ఇండెక్స్ (అది వైరస్‌ను ఆపే మోతాదుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) కూడా తప్పే. అదే నా టెన్షన్. ద్రావకం డీఎంఎస్‌ఓ 0.5 శాతం దాటలేదు, హెర్పిస్ మందు ఎసైక్లోవిర్‌తో పెట్టిన కంట్రోల్ బాగానే ఉంది.

ఎంటీటీ వేసే ముందు పీబీఎస్‌తో (ఉప్పు బఫర్) కడిగితే చాలా, న్యూట్రల్ రెడ్‌కి (బతికున్న కణాలు లోపలికి తీసుకునే మరో రంగు) మారాలా? కడిగితే పట్టు వదిలిన కణాలు కొట్టుకుపోతాయేమోనని భయం.

ఇంకొకటి, సారాన్ని వైరస్‌తో ముందే కలిపి ఉంచినప్పుడే ప్లేక్స్ (వైరస్ కణాలను చంపిన చోట పడే మచ్చలు) తగ్గుతున్నాయి. ఇది టానిన్ల (ప్రొటీన్లకు అతుక్కునే పాలీఫినాల్స్) పనేనా? పీవీపీపీతో (టానిన్లను పట్టుకునే పొడి) టానిన్లు తీసేసి మళ్లీ చూసినవాళ్లుంటే ఎలా చేశారో దయచేసి చెప్పండి.